ఆ 13 నాణేలు పెళ్లికూతురి ఖరీదు కాదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "మెక్సికోలో పెళ్లికొడుకు 13 నాణేలిచ్చి పెళ్లికూతుర్ని కొనుక్కుంటాడు. తర్వాత ఆమె మెడకు తాడు వేస్తారు. అది మన కొంగుముడే, ఇక్కడి నుంచే వెళ్లింది." మూడు మాటలూ తప్పే.

కొనుగోలే అయితే డబ్బు పిల్ల తండ్రికి చేరాలి. అక్కడ చేరదు. చర్చిలో పాదిరి ఆశీర్వదించిన నాణేలను (వీటిని 'ఆరాస్' అంటారు) పెళ్లికొడుకు ఆమె దోసిట్లో పోసి, ఇంట్లో అవసరమైనదేదీ లోటు రానివ్వనని మాటిస్తాడు. అన్నీ సద్వినియోగమయ్యేలా చూస్తానని ఆమె అందుకుంటుంది. 13 అంటే యేసు, ఆయన 12 మంది శిష్యులు అని ఎక్కువమంది చెబుతారు. 12 నెలలకు పన్నెండు, పేదలకు ఒకటి అనేవాళ్లూ ఉన్నారు. మగాడు తెస్తాడు, ఆడది సర్దుతుంది అన్న పాత ఆలోచన ఆ మాటల్లో ఉంది. దాన్ని విమర్శించండి, నేనూ ఒప్పుకుంటాను. ఇప్పుడు నాణేలు ఒకరికొకరు ఇచ్చుకునే జంటలూ ఉన్నాయి. కానీ అమ్మకం అనడం అబద్ధం.

పైగా చట్టం దృష్టిలో పెళ్లయ్యేది చర్చిలో కాదు, సివిల్ రిజిస్ట్రీలో. అప్పటి మెక్సికో అధ్యక్షుడు బెనితో హువారెస్ ప్రభుత్వం 1859లోనే ఆ చట్టం తెచ్చింది.

ఇక తాడు, అంటే 'లాసో'. అది పెళ్లికూతురి ఒక్కదాని మెడకు కాదు, ఇద్దరి భుజాల మీదుగా 8 అంకె ఆకారంలో పడుతుంది. చాలాసార్లు అది జంట జపమాలలా ఉంటుంది. 'పద్రీనోస్' అనే పెళ్లిపెద్దలు ప్రమాణాలయ్యాక దాన్ని వేసి, తర్వాత వాళ్లే తీస్తారు. బందీ అయితే ఇద్దరూ బందీలే కదా!

మూడోది, మన దగ్గర్నుంచే వెళ్లిందన్న మాట. ఈ నాణేలు, ఈ తాడు ఫిలిప్పీన్స్ పెళ్లిళ్లలోనూ ఉన్నాయి. రెండు దేశాల్నీ ఏలింది స్పెయిన్. వీటిని తెచ్చింది స్పెయిన్ క్యాథలిక్ ఆచారం. కొంగుముడికి నిజంగా దగ్గరగా ఉన్నది వేరే ఉంది. మెక్సికోలో తయారైన 16వ శతాబ్దపు బొమ్మల పుస్తకం మెందోసా కోడెక్స్‌లో, అక్కడి మూలవాసులైన నహువాల పెళ్లి బొమ్మ చూడండి. కాగడాల వెలుగులో ఒకామె పెళ్లికూతుర్ని వీపున మోసుకొస్తుంది. పైన చాప మీద కూర్చున్న జంట బట్టలు ముడివేసి ఉంటాయి, పక్కన ముసలివాళ్లు సాక్షులు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న ఆచారమది. పోలిక ఉందని దాన్ని మన ఖాతాలో రాసుకుంటే, ఆ నహువా మనుషులు సొంతంగా ఏమీ చేసుకోలేదని తీర్మానించినట్టే.