రిటైరైనవాడి పాసు బారెడు

చచ్చినవాడి కళ్లు చారెడని పెద్దలన్నారు. బతికుండగానే చారెడు కళ్లు కావాలనుకునేవారికి ఒక మార్గం ఉంది. పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బులో కొన్నేళ్లు మైదానం నడిమధ్య బంతి పంచే మిడ్‌ఫీల్డర్‌గా ఆడాలి, ఆ తర్వాత ఆడటం మానెయ్యాలి. ఇందులో రెండోదే కీలకం. ఆడుతున్నన్నాళ్లూ ఎంతటివాడైనా పాసు తప్పుతాడు, పెనాల్టీ పోగొడతాడు, వానలో జారిపడతాడు. మానేసినవాడికి ఈ బెడదలేవీ ఉండవు. ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన పాల్ స్కోల్స్‌నే తీసుకోండి. 2013 మే నెల తర్వాత ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచుల్లో అతను ఒక్క పాసు కూడా తప్పలేదు. ఇప్పుడు జట్టులో ఉన్నవారిలో ఇంతటి నిలకడ ఎవరికుంది?

ఈ మధ్య అంకెల కట్టలు చంకన పెట్టుకుని తిరిగేవారు కొందరు బయలుదేరారు. అభిమానుల జ్ఞాపకాలన్నీ అతిశయోక్తులట. స్కోల్స్ యునైటెడ్‌కు 718 మ్యాచులు ఆడాడు, 155 గోల్స్ చేశాడు, 11 లీగ్ టైటిళ్లు గెలిచాడు, ఇవి చాలవా, పైన ఈ కల్పనలెందుకు అని వీరి ప్రశ్న. చాలవు. అంకెలు అందరివీ. పొరుగు క్లబ్బు అభిమాని కూడా వాటిని తీరిగ్గా చదువుకోగలడు. జ్ఞాపకం అలా కాదు, అది సొంత ఆస్తి. పైగా ఏటేటా విలువ పెరిగే ఆస్తి.

2008 ఏప్రిల్ 29 సంగతే చూడండి. యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ రెండో మ్యాచ్, యునైటెడ్ సొంత ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం, ఎదుట బార్సిలోనా. 14వ నిమిషంలో జాంబ్రోట్టా బంతిని దూరంగా తన్నబోయి నేరుగా స్కోల్స్‌కే అప్పజెప్పాడు. స్కోల్స్ దాన్ని కాలితో ఒకసారి సర్దుకుని కుడికాలితో కొట్టాడు. బంతి గాల్లోనే వంపు తిరుగుతూ వెళ్లి వలలో పడింది. గోల్‌కీపర్ వాల్డెస్ ఎగిరాడు, మర్యాద కోసం. ఆ ఒక్క గోలే యునైటెడ్‌ను మాస్కోలో జరిగిన ఫైనల్‌కు చేర్చింది. ఇంతవరకు అంకెలవారికీ మనకూ పేచీ లేదు. పేచీ అంతా దూరం దగ్గరే. ఆ రాత్రి అది సుమారు 25 గజాలు. కొన్నేళ్లకు 30 అయింది. ఇప్పుడు 35 దాటి హాయిగా వెనక్కి వెనక్కి పోతోంది. ఇదే జోరు కొనసాగితే ఆ గోల్ త్వరలోనే మధ్యగీత దాటి, యునైటెడ్ గోల్‌కీపర్ పక్కనుంచి కొట్టినట్టు తేలుతుంది.

శిక్షణ మైదానం కథ కూడా ఇంతే. సహచరుడెవరైనా లఘుశంక కోసం ఓ మూలకు వెళ్తే, స్కోల్స్ అంత దూరం నుంచీ గురిచూసి బంతితో అతని తలమీద కొట్టేవాడని తోటి ఆటగాళ్లే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆ మైదానం కాస్త సాగుతోంది. మైదానాలు సాగవని వాదించేవారికి ఫుట్‌బాల్ ఎప్పటికీ అర్థం కాదు.

ఇక ట్యాకిళ్లు, అంటే ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడాలు. ఈ విషయంలో అభిమానుల ఔదార్యం చూస్తే ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే. 'పాపం, ట్యాకిల్ చెయ్యడం ఒక్కటే రాదు' అంటారు, మనవడు పక్కింటి అద్దం పగలగొట్టాడని చెప్పుకునే తాతగారిలా మురిసిపోతూ. ప్రీమియర్ లీగ్‌లో అతను చూసిన పసుపు కార్డులు, అంటే రెఫరీ హెచ్చరికలు, 97. ఆ 'పాపం' ఎదుటివారి పిక్కలకు వర్తించదు కాబోలు. 1999లో యువెంటస్‌తో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో దెషాంప్‌ను పడగొట్టి కార్డు తెచ్చుకున్నాడు. ఫలితంగా తర్వాతి మ్యాచ్‌కు నిషేధం పడి, మే 26న క్లబ్బు చరిత్రలోనే అతి పెద్ద ఫైనల్‌ను సూటు వేసుకుని చూడాల్సి వచ్చింది. ఆ విశ్రాంతి బాగానే పనిచేసినట్టుంది. సరిగ్గా పది రోజుల తర్వాత, జూన్ 5న, వెంబ్లీలో ఇంగ్లండ్ తరఫున స్వీడన్‌తో ఆడుతూ ఏకంగా బయటికి పంపే ఎర్ర కార్డే అందుకున్నాడు. పాత వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్ జట్టుకు ఆడుతూ బయటికి పంపబడినవాడు అతనొక్కడే. ముందెవరూ లేరు, ఆ తర్వాత ఆ మైదానాన్నే కూల్చేశారు. ఇలాంటి రికార్డును ఇంకెవరు బద్దలుకొట్టగలరు?

2008 ఆగస్టులో మొనాకోలో జరిగిన సూపర్ కప్ మ్యాచ్‌నైతే విశ్వవిద్యాలయాల్లో పాఠంగా పెట్టాలి. రష్యా క్లబ్బు జెనిత్ 2-1తో ముందుంది, ఆట చివరికి వచ్చింది. బంతి గోల్ ముందుకు ఎగిరి వచ్చింది. స్కోల్స్ తల అందలేదు. అందనప్పుడు మామూలు మనిషి ఊరుకుంటాడు. స్కోల్స్ చెయ్యెత్తి, వాలీబాల్ ఆటగాడు కూడా మెచ్చుకునేంత శుభ్రంగా బంతిని వలలోకి గుద్దాడు. రెఫరీ రెండో పసుపు కార్డు చూపించి పంపించాడు. ఈ సంఘటన నుంచి అభిమాని దాచుకున్నది ఒక్కటే: చేత్తో కొట్టినా గురి తప్పలేదు.

జ్ఞాపకాల సంచిలో చోటు చాలక బయటే ఉండిపోయినవి మరికొన్ని ఉన్నాయి. 2001లో ఆర్సెనల్‌తో లీగ్ కప్ మ్యాచ్‌కు రానని మొండికెయ్యడం, 2005లో అదే ఆర్సెనల్‌తో ఎఫ్ఏ కప్ ఫైనల్ పెనాల్టీల్లో ఇరుజట్లలో అతనొక్కడే విఫలం కావడం. ఇవి జరగలేదని ఎవరూ అనరు. గుర్తుకు రావు, అంతే.

జ్ఞాపకానికి సాధారణంగా పరీక్షలు ఉండవు. ఈ కేసులో మాత్రం ఒకసారి పెట్టారు. 2011 వేసవిలో రిటైరైన స్కోల్స్ ఏడాది తిరక్కముందే, 2012 జనవరి 8న, మాంచెస్టర్ సిటీ మైదానంలో 22వ నంబరు చొక్కాతో ప్రత్యక్షమయ్యాడు. వీపున పాత 18 లేదు. కాళ్లకున్న బూట్లు మామూలు దుకాణంలో 40 పౌండ్లకు కొన్నవి. అతను సబ్‌స్టిట్యూట్‌గా లోపలికి వస్తుంటే యునైటెడ్ అభిమానులు చేసిన గోల అంతా ఇంతా కాదు. కాసేపటికే స్కోల్స్ బంతిని సిటీవారికి పోగొట్టాడు, అది అగ్వేరో గోల్‌తో ముగిసింది. పెద్ద ప్రమాదమే! అభిమానుల గుండెల్లో కొలువున్న స్కోల్స్ అలాంటి పాసు ఇవ్వనే ఇవ్వడు. అదృష్టవశాత్తు యునైటెడ్ 3-2తో గట్టెక్కింది, జ్ఞాపకం కూడా గట్టెక్కింది. ఆ సీజన్ లీగ్ టైటిల్ గోల్స్ తేడాతో సిటీకే పోయింది గానీ, స్కోల్స్ తిరిగిరావడం గురించి ముచ్చటించుకునేటప్పుడు ఆ మాట ఎత్తడం సభ్యత కాదు.

ఈ ఏర్పాటులో నష్టపోయేది ఒక్కరే. ఇప్పుడు ఆ స్థానంలో ఆడుతున్న కుర్రవాడు. పక్కనున్నవాడికి ఐదు గజాల పాసు ఇవ్వగానే స్టాండ్స్‌లో ఓ నిట్టూర్పు లేస్తుంది: ఇక్కడ స్కోల్స్ ఉంటేనా! ఉంటే అతనూ ఐదు గజాల పాసే ఇచ్చేవాడు. బంతి తన దగ్గరకు రాకముందే మెడ తిప్పి, కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక ఎవరున్నారో చూసుకునేవాడు. బంతి రాగానే ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చి, మళ్లీ అడగడానికి నాలుగడుగులు జరిగేవాడు. మ్యాచంతా అదే పని. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లే పొడవాటి పాసుకు దారి దొరికేది ఇలాంటి చిన్న పాసుల వల్లే. నిజం చెప్పాలంటే అతని అసలు విద్య ఆ మెడ తిప్పడంలోనే ఉంది. కానీ మెడ తిప్పడాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అందుచేత క్లబ్బు యాజమాన్యానికి నాదొక సవినయ సూచన. కొత్త మిడ్‌ఫీల్డర్‌ను కోట్ల పౌండ్లు పోసి కొన్న రోజే వీడ్కోలు సభ కూడా జరిపించేయండి. మైదానంలోకి దింపితేనే కదా చిక్కంతా. సందేహముంటే వెరాన్‌ను చూడండి. 2001లో 2.81 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చారు, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. రెండేళ్లకే చెల్సీకి అమ్మేశారు. అప్పట్లో అతని పేరెత్తితే పళ్లు నూరినవారే ఇప్పుడు 'పాసింగ్ మాత్రం అద్భుతం' అంటున్నారు. ఇంకో పదేళ్లు ఆగితే ఆ డబ్బు తక్కువే ఇచ్చామంటారు.

స్కోల్స్ కోచ్‌గానూ కొంతకాలం పనిచేశాడు. 2019లో ఓల్డమ్ అథ్లెటిక్‌లో, 31 రోజులు, ఏడు మ్యాచులు. జ్ఞాపకం ఊరడానికి ఆ వ్యవధి చాలలేదు.

యునైటెడ్‌కు స్కోల్స్ చివరి మ్యాచ్ 2013 మే 19న వెస్ట్ బ్రామ్‌తో జరిగింది. కోచ్ ఫెర్గూసన్‌కూ అదే ఆఖరుది. 5-5తో సమమైన ఆ వింత ఆటలో స్కోల్స్ రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, ఉన్న కాస్త సమయంలోనే ఒక పసుపు కార్డు సంపాదించాడు. ఆ 97వ కార్డు సంగతేమిటని ఒక అభిమానిని అడిగాను. తప్పు ఏమీ లేదని, రెఫరీ గుర్తుగా ఉంటుందని తీశాడని చెప్పాడు. ఆ రెఫరీ కూడా మనవాడేనన్నమాట.