ఏకసభ్య కంపెనీ వారి తొలి ఆల్బమ్

సొంతంగా సింథ్‌పాప్ ఆల్బమ్, అంటే సింథసైజర్ (ముద్దుపేరు సింథ్) అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో అల్లిన పాప్ పాటలు, విడుదల చేసుకున్న మనిషిని పట్టుకుని "ఏదో కంప్యూటర్‌లో పాటలు చేస్తుంటాడు" అనేస్తారు జనం. ఇది చాలా అన్యాయం. ఆయన పాటలు చేసేది బహు తక్కువ. ఆయన నడిపేది ఒక కంపెనీ. ఛైర్మన్ ఆయనే, పాట రాసేదీ పాడేదీ ఆయనే, మిక్సింగ్ ఇంజినీరూ ఆయనే, కవర్ మీద గులాబీ రంగు ఆకాశం, కింద నియాన్ గీతల గళ్లు, మధ్యలో సగం మునిగిన సూర్యుడు వేసిన ఆర్టిస్టూ ఆయనే, ఆఖరికి "ఈ తరంలో ఇంత నిజాయితీగల గొంతు రాలేదు" అని వేరే ఎవరో రాసినట్టు ప్రెస్ నోట్ రాసుకునేదీ ఆయనే.

కంపెనీ అన్నాక గొడవలుంటాయి. గాయకుడు తన గొంతు ఇంకాస్త పైకి తెమ్మంటాడు. ఇంజినీరు ఆ గొంతును విడిగా విన్నవాడు కాబట్టి దాన్ని ప్రతిధ్వనిలో ముంచే రివర్బ్ పెంచుతాడు. ఓటింగ్ పెడితే ఒకటికి ఒకటి. ఛైర్మన్ తేల్చాలి, ఆయనకేమో పొద్దున్నే ఉద్యోగం.

రికార్డింగ్ విభాగం గురించి ఒక్క మాట. ప్రేమగీతాన్ని ఫ్యాన్ ఆపేసి, బట్టల అల్మరాలో తల పెట్టి, వీపు మీదుగా దుప్పటి కప్పుకుని పాడారు. రెండో చరణంలో వినిపించే ఆ ఊపిరాడని వేదన విని కళ్లు చెమర్చినవాళ్లున్నారు. అది దుప్పటి.

అసలు ఈ కంపెనీకి గర్వకారణం మాత్రం పరిశోధనా విభాగం. పాత యంత్రాల జబ్బులన్నిటినీ వెతికి పట్టుకుని మళ్లీ అంటించుకోవడం దాని పని. వెనకటి అనలాగ్ సింథ్‌లు వేడెక్కితే శ్రుతి జారేవి, ఇంజినీర్లు తలలు పట్టుకుని ఆ రోగం కుదిర్చారు. ఇప్పుడు శ్రుతి ఎంత జారాలో చెప్పడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక నాబ్ ఉంది, మనవాడు దాన్ని తిప్పుతూ వారాంతాలు గడిపేశాడు. టేపు మీద బుస్సుమనే రొదను వదిలించుకోవడానికి ఎంత సైన్సు ఖర్చయిందో! ఆ రొద కోసం ఈయన విడిగా ప్లగిన్, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించే తోక, కొన్నాడు. రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో వస్తే, అసలు డ్రమ్స్‌లా లేదని చాలామంది పెదవి విరిచారు, 1983కల్లా తయారీయే ఆపేశారు. దాని దెబ్బ లేకుండా ఈ ఆల్బమ్‌లో ఒక్క పాట లేదు. అదే 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథ్‌లో కొత్త శబ్దం తయారు చేయడం ఎంత చిక్కంటే, చాలామంది కంపెనీ ఇచ్చిన శబ్దాలే వాడేసి ఊరుకున్నారు. ఆనాటివాళ్లు బద్ధకించి నొక్కిన బటన్ ఏదో కనిపెట్టడానికి ఈయన రాత్రిళ్లు మేల్కొన్నాడు. 1983లో ఈయన పుట్టలేదు. అయినా ఆ ఏడాదిని తెగ మిస్సవుతున్నాడు.

ఇక విడుదల. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క, ఏడాదిలో వెయ్యి ప్లేలైనా రాని పాటకు 2024 నుంచి రాయల్టీయే లేదు. ఇవన్నీ తెలిసిన కంపెనీ తొలి పాటను ఎలా మొదలుపెట్టింది? నిమిషం పైచిలుకు ఒకటే స్వరం, అదీ పొగమంచులా మెల్లగా. పెద్దమ్మకు లింకు పంపితే పాపం చెవి దగ్గర పెట్టుకుని, "ఏరా, ఇంకా కలవట్లేదు, లైన్‌లోనే ఉండమంటావా?" అని అడిగింది. పోనీ ప్లేలు పెంచిపెడతామని వచ్చేవాళ్లకు అప్పజెబుదామా అంటే, దొంగ ప్లేలని తేలితే జరిమానా పాటల్ని యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్‌కు పడుతుంది, అతగాడు దాన్ని ఎటు తోస్తాడో ఊహించడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు.

సంగీతకారులు శ్రోతలకు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో మాత్రం అమ్మకాలు బాగున్నాయి. డిజిటల్ ఆల్బమ్ అమ్మితే వాళ్లు 15 శాతం ఉంచుకుని, చెల్లింపు ఛార్జీలు పోను మిగతాది ఇచ్చేస్తారు. మొదటి కొనుగోలుదారు ఇంకో సింథ్‌పాప్ సంగీతకారుడు. మర్యాద మర్యాదే కదా, వచ్చిన డబ్బుతో మనవాడు ఆయన ఆల్బమ్ కొన్నాడు. ఆయన మళ్లీ ఈయన రీమిక్స్ కొన్నాడు. అలా ఒకే సొమ్ము ఇద్దరి మధ్యా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ 15 శాతం చిక్కిపోతూ ఉంటుంది. దీన్నే స్వతంత్ర సంగీత మార్కెట్ అంటారు. వ్యాపారం మూడు రీమిక్సులు, ఆరు లైకులుగా వర్ధిల్లుతోంది, లాభాల సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

కంపెనీ భవిష్యత్తు మీదే కాస్త టెన్షన్. కొందరు డిస్ట్రిబ్యూటర్లకు ఏటా చందా కట్టాలి, కట్టడం మానేస్తే ఆల్బమ్ అన్ని యాప్‌ల నుంచీ మాయం. అంటే ఛైర్మన్ గారి తదనంతరం కూడా ఈ కళాఖండం బతకాలంటే వారసులు ఏటేటా కార్డు గీకుతూ ఉండాలి. వాళ్లు పంచుకోవడానికి ఓ పాత సింథ్ అయినా మిగిలిందా అంటే, అదీ లేదు, ఉన్నదంతా లాప్‌టాప్‌లోనే, పాస్‌వర్డ్ ఛైర్మన్ గారి తలలోనే. పెద్దవాడు "చందా నువ్వు కట్టరా" అంటాడు. చిన్నవాడు "ముందు ఆల్బమ్ పూర్తిగా ఒకసారి నువ్వు విను, తర్వాత మాట్లాడుకుందాం" అంటాడు.