మూడో రంగు దగ్గర మొదలయ్యే కష్టం

కర్నూలు, నంద్యాల, అనంతపురం జిల్లాలు మూడూ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నందువల్ల, పక్కపక్క జిల్లాలకు ఒకే రంగు పడకూడదంటే పటానికి మూడు రంగులు కావలసిందే. కడపకు నంద్యాలతోనూ అనంతపురంతోనూ హద్దు ఉంది గానీ కర్నూలుతో లేదు కనుక, కర్నూలు రంగే దానికీ సరిపోతుంది. ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునని 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ ఊహించగా, 1976లో అప్పెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నిరూపించారు. అయితే ఇచ్చిన పటానికి మూడే చాలుతాయా అన్నది తేల్చడం నేటికీ కఠినమే.

అనంతపురంలో డిగ్రీ పరీక్షల టైమ్‌టేబుల్ వేసే అధ్యాపకుడి ముందున్నదీ ఈ ప్రశ్నే. ప్రతి పేపరూ ఒక బిందువు. ఒకే విద్యార్థి రాసే రెండు పేపర్ల మధ్య ఒక గీత. ఇలా బిందువులు, గీతలతో ఏర్పడే అల్లికనే గ్రాఫు అంటారు. పరీక్ష జరిగే పూటే రంగు. రెండు పూటలే ఉంటే చిక్కు లేదు: ఒక పేపరును ఉదయం పెట్టగానే దానితో క్లాష్ అయ్యేవన్నీ మధ్యాహ్నానికి, వాటితో క్లాష్ అయ్యేవి మళ్ళీ ఉదయానికి వెళ్తాయి, ఎక్కడైనా పొసగకపోతే కుదరదని అప్పుడే తేలిపోతుంది. మూడో పూట వచ్చేసరికి ప్రతి అడుగులోనూ ఎంపిక మిగులుతుంది, ఆ ఎంపికలు ఒకదానిపై ఒకటి హెచ్చుతూ పోతాయి. 60 పేపర్లను మూడు పూటల్లో సర్దే మార్గాలన్నీ సెకనుకు వంద కోట్ల చొప్పున పరీక్షించినా లక్ష కోట్ల ఏళ్ళు దాటుతుంది. 2005లో బీగెల్, ఎప్‌స్టీన్ ప్రచురించిన పద్ధతిలో పేపరు పేపరుకూ పని మూడింతలు కాక సుమారు 1.33 రెట్లే పెరుగుతుంది కాబట్టి, 60 పేపర్లు స్థూలంగా మూడు కోట్ల అడుగుల లోపే తేలతాయి. అవే 300 అయితే ఆ అడుగుల హద్దు 37 సున్నాల సంఖ్యకు చేరుతుంది.

కనిష్ఠ రంగుల లెక్క 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ ఇచ్చిన 21 ఎన్‌పీ-కంప్లీట్ సమస్యల (జవాబు ఇస్తే సరిచూడటం సులభమే గానీ, వెతికి పట్టే త్వరిత పద్ధతి తెలియనివి; ఒకదానికి దొరికితే అన్నిటికీ దొరికినట్టే) జాబితాలోనే ఉంది. అన్ని గ్రాఫులకూ త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకు దొరకలేదు, దొరకదన్న నిరూపణా లేదు. అందుకే, వేగమైన కంప్యూటర్ కొంటే టైమ్‌టేబుల్ దానంతటదే కుదురుతుందన్న ఆశను నేను అంగీకరించలేను. చూడవలసింది క్లాష్‌ల అల్లిక.

బస్టాండులో ప్లాట్‌ఫారాల కేటాయింపూ రంగులు వేయడమే, కానీ అది సులభం. ప్రతి బస్సూ ఒక వేళకు వచ్చి ఒక వేళకు కదులుతుంది. వచ్చిన వరుసలో ఖాళీ ప్లాట్‌ఫారం ఇస్తూ పోతే, ఏ క్షణంలోనైనా ఒకేసారి నిలిచే బస్సుల గరిష్ఠ సంఖ్యకు మించి ప్లాట్‌ఫారాలు అక్కరలేదు. పరీక్షల గీతలకు అలాంటి కాలక్రమం లేదు. అయినా అందరూ రాసే జనరల్ ఇంగ్లిష్ వంటి పేపరు ప్రతిదానితోనూ క్లాష్ అవుతుంది కనుక, దానికొక పూట విడిగా ఇచ్చి గ్రాఫులోంచి తీసేయవచ్చు. మిగిలినవాటిలో ఒకదానితో ఒకటి క్లాష్ అయ్యే పేపర్ల గుంపు ఎంత పెద్దదైతే కనీసం అన్ని పూటలు తప్పవు. ఆ గుంపును ముందు కుదుర్చుకొని, తర్వాత ఎక్కువ పూటలు మూసుకుపోయిన పేపరునే ప్రతిసారీ ఎంచుకుంటూ పోతే, సాధారణంగా చేతితో వేసినదానికన్నా మెరుగైన పట్టికే వస్తుంది.