అద్భుతం మూడో పేజీలోనే జరగాలి

క్రిస్మస్ సంచికల కోసం రాసే విశ్వాస కథల్లో అద్భుతం సాధారణంగా ఆఖరి పేరాలో జరుగుతుంది. రోగం వస్తుంది, డాక్టర్లు చేతులెత్తేస్తారు, పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేస్తారు, తెల్లారేసరికి రోగి లేచి గంజి అడుగుతాడు. అక్కడితో సరి. నిజానికి ఇది ఆదివారం చర్చిలో లేచి చెప్పుకునే సాక్ష్యం, కథ అనిపించుకోదు. సాక్ష్యం చెప్పే మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, అతన్ని చిన్నప్పటినుంచీ ఎరిగిన సంఘం నమ్ముతుంది. కథకి ఆ వెసులుబాటు లేదు.

అందుకే అద్భుతాన్ని కథ మొదటి మూడోవంతులోకి లాక్కురండి. మూడు వేల మాటల కథైతే వెయ్యో మాటలోపు జరిగిపోవాలి. మొదటి రాజులు 17వ అధ్యాయం చూడండి. కరువులో ఏలీయా ప్రవక్తకి రొట్టె పెట్టిన సారెపతు విధవరాలి తొట్టిలో పిండి తరగలేదు, బుడ్డిలో నూనె అయిపోలేదు. ఆ మాట 16వ వచనంలో ఉంది. 17వ వచనంలో ఆమె కొడుకు మంచాన పడి ఊపిరి వదిలాడు. పిండి పెట్టిన దేవుడే పిల్లాణ్ణి తీసుకున్నాడా అని ఆ తల్లి ప్రవక్త మీద విరుచుకుపడుతుంది. కొడుకు తర్వాత బతికాడు, నిజమే. కానీ కథ ఊపిరంతా ఆ రెండు వచనాల మధ్య ఉంది.

కోనసీమ లంకల్లోనో, అంతర్వేది వైపో, భీమవరం చెరువుల మీదో కథ పెట్టేవాళ్లకి ఒక నమూనా. రెండెకరాల కౌలు చెరువు, వనామీ సీడు (రొయ్యపిల్లలు) వేసిన డెబ్భయ్యో రోజు. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. జనరేటరు దగ్గింది గానీ అందుకోలేదు. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటిలోని పచ్చనాచు రాత్రిపూట తనే పీల్చుకుంటుంది కాబట్టి డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే కిందకి పడేది సరిగ్గా సూర్యోదయానికి ముందు. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్య ఉక్కిరిబిక్కిరవుతుంది, పైకి తేలి గట్టు వారకి చేరుతుంది. టార్చి వేస్తే నీళ్ల మీద ఎర్రటి కళ్లు వందలకొద్దీ. రైతు గట్టు మీద మోకరించి, "నాయనా, వాటికి గాలాడట్లేదు, నాకూ ఆడట్లేదు" అంటాడు. కాసేపటికి కొబ్బరాకు కదులుతుంది, నీటి మీద సన్నటి అల లేస్తుంది. గాలి నీటిని కలియబెడితే కొంత ఆక్సిజన్ కరుగుతుంది. రొయ్యలు ఒక్కొక్కటే కిందకి దిగుతాయి.

దేవుడా, గాలా? తేల్చకండి. నిర్గమకాండం 14వ అధ్యాయంలో సముద్రం పాయలైంది కూడా రాత్రంతా వీచిన బలమైన తూర్పుగాలి వల్లనే. గాలి పేరు చెప్పినంత మాత్రాన లేఖనం చిన్నబోలేదు.

ఇరవై రోజుల తర్వాత అదే చెరువులో వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల వైరస్ తెగులు పెట్టండి. మచ్చలు కనబడ్డాక చెరువు ఖాళీ అవడానికి మూడు నుంచి పది రోజులు చాలు. ఉన్నది ఉన్నట్టు పట్టేసి, వచ్చిన కౌంట్‌కి (కిలోకి తూగే రొయ్యల లెక్కకి) వచ్చిన రేటుకి తోలెయ్యాలి. మేత షాపు బాకీ అలాగే ఉంది. ఆ రాత్రి గాలి పంపినవాడు ఈ పూట ఎక్కడున్నాడు? దీనికి పాస్టరుగారి చేత జవాబు చెప్పించకండి. ఆయన్ని ఊరికే గట్టు మీద కూర్చోబెట్టండి, చాలు.

రోగాల కథలు రాసేవాళ్లు జబ్బుని ఎంచుకోవడంలో దెబ్బతింటారు. పచ్చకామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషపు పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించదు. ఈ రెంటి మీద అద్భుతం కడితే డెల్టాలో పెరిగిన పాఠకుడు నవ్వుకుంటాడు. ఇన్సులిన్, టీబీ మాత్రలు కాలవలో పారేసి స్వస్థత పొందే పాత్ర మాత్రం అసలే వద్దు. చదివిన ఎవరో ఒకరు నిజంగానే పారేస్తారు. తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధ తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. ఆ కథ ఎందుకో ఎవరూ రాయరు.

తుఫాను కథలది ఇంకో ఇబ్బంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, వెయ్యిమందికి పైగా పోయారు. "మా ఇల్లు మాత్రం నిలిచింది, ప్రభువు కాపాడాడు" అని రాస్తే పక్క పాక వాళ్ల ప్రార్థన ఏమైనట్టు? నిలిచిన ఇంటి మనిషి చేత తెల్లారి ఆ పక్కింటి శవాన్ని మోయించండి. అప్పుడు ఆ మనిషి నోట స్తోత్రం వస్తుందో రాదో మీకే తెలుస్తుంది.

విశ్వాసానికి అసలు పరీక్ష చాలాసార్లు కుల సర్టిఫికెట్ ఇచ్చే తహసీల్దారు ఆఫీసులో జరుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రలో అతను బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మం దగ్గర ఇంకో పేరు. కూతురి సీటు కోసం తండ్రి ఏ పేరు చెబుతాడు? అమెరికాలో కూర్చుని రాసేవాళ్లు ఈ కథ జోలికి రారు. రావాలి. ఇందులో ఒక్క అద్భుతం లేకపోయినా నష్టం లేదు.

లెక్కలు వదలొద్దు. కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన చోట రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానలని యోహాను కొలత చెప్పాడు, ఇంకో చోట వలలో పడ్డ చేపలు నూట యాభై మూడని ఎంచాడు. పైగా ఆ ద్రాక్షారసం ఎక్కడిదో విందు ప్రధానికి తెలియదు, నీళ్లు తోడిన పనివాళ్లకి తెలుసు. మీ కథలోనూ సాక్షిగా చెరువు కాపలావాడు ఉంటే బాగుంటుంది, సంఘ పెద్ద వద్దు.

భాష సంగతి. పాత్రలన్నీ పాత అనువాదపు బైబిల్లా "కృప చూపుము" అంటే కుదరదు. అది పాస్టరుగారి ప్రార్థనకి సరిపోతుంది. కాపలావాడు "అయ్యగారండీ, రొయ్యలకి కూడా ప్రార్థన చేత్తారా?" అంటాడు. అయ్యగారిని మీరంటాడు, దేవుణ్ణి నువ్వంటాడు. ఈ తేడా తప్పితే ఊరు మొత్తం తప్పినట్టే.

రాయడం అయ్యాక సంఘంలో వినిపించే ముందు ఒక రొయ్యల రైతుకి ఫోన్లో చదివి వినిపించండి. నిర్గమకాండం గుర్తుండి గట్టు మీదికి తూర్పుగాలి తోలి ఉంటారు. వేసవిలో తూర్పునున్న సముద్రం మీంచి వచ్చే గాలి పగటిపూటది, తెల్లవారుజామున మామూలుగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. "ఏ నెలండీ, ఏ పక్కనించి లేచిందండీ గాలి?" అని ఆయన మొదట అడిగేది అదే.