జ్వరం లేనివాడి వేలికి సూది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా గ్రంథాలయం బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపలి మాటలు మాత్రం తెలుగులోనే. నెలకొకసారి ఇద్దరిని నిలబెట్టి వాదించుకోమంటాం. ఈసారి నల్లబల్ల మీద రాసిన విషయం: రోగాలు రాకుండా చూసే పరిశోధనకు ప్రజల డబ్బు పెట్టాలా? పెట్టాలన్నవారు ముప్ఫై ఏళ్లకు పైగా కొండ ఊళ్ల నుంచి వచ్చే మలేరియా స్లైడ్లు చూసి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. వద్దన్నవారు బజారులో మందుల షాపు నడిపే ఆయన బావమరిది. పండగ భోజనాల దగ్గర కూడా వీళ్లిద్దరికీ ఇదే గొడవట. అధ్యక్షత నాది. గంట కొట్టడం తప్ప వేరే పని ఉండదనుకుని కూర్చున్నాను.

బావమరిది: సభకు నమస్కారం. మా చెల్లెల్ని శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు ఇచ్చాం. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆమె మామగారి దగ్గర ఇరవై ఏళ్లలో మూడుసార్లు రక్తం తీసుకెళ్లారు. ఒకసారి బావి నీళ్లు సీసాలో పట్టుకెళ్లారు, ఇంకోసారి పొలంలో మట్టి. ఎవరు వచ్చారని అడిగితే ఆయనకు జీపు రంగు ఒక్కటే గుర్తుండేది. ఏం తేలిందో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ ఇంటికి రాలేదు. రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని ఆయన వెళ్లిపోయారు. ఆ కిడ్నీ జబ్బుకు కారణం ఇవాళ్టికీ ఇదీ అని తేలలేదు. చివరికి పనికొచ్చింది ఏమిటి? మన పక్కనున్న హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్లతో పైపులు వేసి నీళ్లిచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. కారణం తేలేదాకా ఆగి చేశారా ఆ రెండూ? ఆగకుండా చేయగలిగిన పనిని ముందే ఎందుకు చేయలేదు?

బావగారు: ఆ ఆసుపత్రి పేరులోనే కిడ్నీ పరిశోధన కేంద్రం అని ఉంది. బోర్డు పూర్తిగా చదవలేదేమో.

బావమరిది: బోర్డులు చదివితే కిడ్నీలు బాగుపడవు, బావగారూ.

బావగారు: ఒప్పుకుంటాను. మంచినీళ్లు ఇవ్వడానికి పరిశోధన అక్కర్లేదు, దాహం చాలు. కానీ రేపు ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లవాడికీ అదే జబ్బు వస్తే ఏం చేస్తావు? అనుమానం నీళ్లలోని సిలికా మీద ఉంది, లోహాల మీద ఉంది, పురుగుమందుల మీద ఉంది, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ మీద ఉంది. ఇష్టం వచ్చినట్టు మింగే నొప్పి బిళ్లల మీద కూడా ఉంది. ఆ ఆఖరిది ఎక్కడ దొరుకుతుందో నీకే బాగా తెలుసు.

(నవ్వులు. బావమరిది నవ్వలేదు.)

బావమరిది: చీటీ లేనిదే నేను ఒక్క బిళ్ల ఇవ్వను.

బావగారు: ఒక్కటి కూడా?

బావమరిది: మీ ఇంట్లో మా అక్కయ్య మోకాళ్లకు తప్ప.

(ఇక్కడ గంట కొట్టాల్సింది. నేనూ నవ్వుతూ ఉండిపోయాను.)

బావగారు: సరే, మోకాళ్లు వదిలేద్దాం. నీ షాపుకు ఎవరు వస్తారు? జ్వరం వచ్చినవాడు. నాకు ముప్ఫై ఏళ్లూ అర్థం కానిది కూడా అదే. మేమూ జ్వరం వచ్చినవాడి వేలికే సూది గుచ్చేవాళ్లం. వాడికి మందిచ్చేవాళ్లం, వాడు లేచి తిరిగేవాడు, మళ్లీ వానలకు అదే ఊరు, అదే జ్వరం. మందు కొట్టని గోడ లేదు, అయినా మలేరియా పోదు. కొండ ఊళ్లలో జ్వరం లేనివాళ్ల రక్తం కూడా తీసి చూస్తే అప్పుడు తెలిసింది. ఒళ్లు వెచ్చబడదు, పనికి పోతాడు, అన్నం తింటాడు, రక్తంలో మాత్రం క్రిమి ఉంటుంది. దోమ వాణ్ని కుట్టి పక్కవాడి దగ్గరికి పోతుంది. 2013 నుంచి కంధమాల్, అనుగుల్ లాంటి నాలుగు జిల్లాల్లో జాతీయ మలేరియా పరిశోధన సంస్థవాళ్లు, మన రాష్ట్ర ఆరోగ్య శాఖవాళ్లు కలిసి ఈ లెక్కలన్నీ కట్టారు. ఆ అనుభవంతో 2017లో దమన్ కార్యక్రమం పెట్టారు. దారి లేని ఊళ్లకు నడిచి వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ పరీక్ష, దొరికినవాళ్లకు అక్కడికక్కడే మందు. అదే ఏడు కోటికి పైగా దోమతెరలు పంచారు. 2016లో ఒడిశాలో సుమారు 4.4 లక్షల మలేరియా కేసులు. 2019లో 40 వేల లోపు. ఇప్పుడు చెప్పు బావా, ఒంట్లో బాగానే ఉన్నవాడికి నువ్వు మందు అమ్మగలవా?

బావమరిది: అమ్మలేను.

బావగారు: ఏ కంపెనీ అమ్మగలదు?

బావమరిది: ఏదీ అమ్మలేదు, ఒప్పుకున్నాను. మరి తగ్గిన కేసులు ఈమధ్య మళ్లీ పెరిగాయి కదా, అది కూడా చెప్పండి.

బావగారు: పెరిగాయి. మధ్యలో పట్టు సడలితే పెరగవా? దోమకు రిటైర్మెంటు లేదు.

బావమరిది: పట్టు సడలింది ఎవరిది? పరిశోధనకు డబ్బు పెట్టిన సర్కారుదే. నేను అంటున్నదీ అదే. తెలుసుకోవడానికి ఉన్న ఉత్సాహం తెలిసినదాన్ని ఏటా చేయడానికి ఉండదు. ఇంకొకటి అడుగుతాను. పక్కనే జార్ఖండ్. క్షయ రోగుల ఇళ్లలో తిండి పెడితే మిగతావాళ్లకు జబ్బు తగ్గుతుందా అని 2019 నుంచి 2022 దాకా నాలుగు జిల్లాల్లో పరీక్ష పెట్టారు. తిండి పెడితే మంచిదని చెప్పడానికి పరిశోధన కావాలా? మా నాయనమ్మ చదువుకోలేదు, ఆమెకు తెలుసు.

బావగారు: ఆమెకు తెలుసు. ఎంత మంచిదో తెలుసా? రోగులు 2,800 మంది. వాళ్ల ఇళ్లలోని 10,345 మందిని కనిపెట్టి చూశారు. మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. దాంతో ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చి ఇతరులకు అంటించే రకమైతే 48 శాతం. మందు కాదు, ఇంజెక్షను కాదు, పప్పూ బియ్యం! ఢిల్లీలో ఖజానా దగ్గర కూర్చున్నవాడు నీ నాయనమ్మ మాట వింటాడా, ఈ అంకె వింటాడా? రోగికి నెలనెలా ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 అయ్యాయి.

బావమరిది: ఆగండి. ఆ పప్పూ బియ్యం అన్ని ఇళ్లకూ ఇచ్చారా?

బావగారు: రోగులందరికీ ఇచ్చారు.

బావమరిది: రోగుల సంగతి కాదు. ఇంట్లోవాళ్లకు?

బావగారు: సగం ఊళ్లలో ఇచ్చారు.

బావమరిది: మిగతా సగం?

బావగారు: చూశారు.

బావమరిది: చూశారు! దగ్గే మనిషికి బుట్ట అందింది. పక్కన కూర్చున్న పెళ్లానికీ పిల్లలకూ అందలేదు. వాళ్లకు జబ్బు వస్తుందా రాదా అని రాసుకున్నారు. మన ఇళ్లలో ఒక పంక్తిలో కూర్చోబెట్టి ఒకరికి వడ్డించి ఒకరికి మానేస్తే ఏమంటాం?

(ఎవరూ కదల్లేదు. టెక్నీషియన్ గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన వైపే మొగ్గి వచ్చిన నాకు ఆ ప్రశ్న తర్వాత కాసేపు ఏ వైపూ తోచలేదు.)

బావగారు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి చెప్పగలను. ఆ పరీక్షకు ముందు రెండు సగాలకూ ఈ బుట్ట అందేది కాదు. ఇవ్వని సగం లేకపోతే, ఇచ్చిన సగంలో ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇది చల్లని మాట, నాకూ తెలుసు. అందరికీ ఇచ్చి, పని చేసిందని అందరం నమ్మేసి, అది పని చేయకపోతే? తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి లక్షల మందికి బీసీజీ టీకా పరీక్ష చేశారు. ఏళ్ల తరబడి చూశారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను అది ఆపడం లేదని తేలింది.

బావమరిది: అదిగో, ఏళ్ల తరబడి డబ్బు పోసి తేల్చింది ‘లేదు’ అని!

బావగారు: ఆ ‘లేదు’ కోసమే ప్రజల డబ్బు కావాలంటున్నాను. తన సరుకు పని చేయదని ఊరంతా చాటింపు వేయడానికి ఏ వ్యాపారి డబ్బు పెడతాడు? పసిపిల్లలకు ప్రమాదకరమైన క్షయ రాకుండా అది ఇప్పటికీ పనికొస్తుంది, పుట్టగానే వేస్తున్నాం. పెద్దవాళ్లకు దాన్ని నమ్ముకుని కూర్చోకూడదని మాత్రం ఆ పరీక్షతోనే తెలిసింది.

బావమరిది: బాగుంది. వ్యాపారి ‘లేదు’ అని చెప్పడు. మరి మీరు చెప్పారా? మీ పెట్టెల నిండా స్లైడ్లు ఉండేవి, చిన్నప్పుడు నేను చూశాను. ఒక్కో దాని మీద మనిషి పేరు, ఊరి పేరు.

బావగారు: ఎడమ చేతి ఉంగరం వేలు పొడిచి, ఒక మందపాటి చుక్క, ఒక పలుచటి పూత. క్రిమి కనబడేలా చేసే జె.ఎస్.బి. రంగులో ముంచి, ఆరబెట్టి, నూరు చోట్ల చూడాలి. నేను నూరు చోట్లా చూసేవాణ్ణి. సంతకం పెట్టడానికి ముందు లెక్క తప్పలేదు.

బావమరిది: చూశాక వాళ్లకు చెప్పేవారా?

బావగారు: క్రిమి దొరికితే చెప్పించేవాళ్లం. మాత్రలు ఇవ్వాలి కదా. ఆ రోజుల్లో స్లైడు కొండ దిగి నా దగ్గరికి వచ్చేసరికే పది రోజులు, జవాబు ఎక్కేసరికి ఇంకో పది. ఇప్పుడు కిట్టు వచ్చింది, పావుగంటలో గీత కనబడుతుంది.

బావమరిది: దొరకనివాళ్లకు?

బావగారు: దొరకనివాళ్లకు ఏం చెప్పాలి? ఏమీ లేదు కదా.

బావమరిది: ఏమీ లేదనే చెప్పాలి, బావగారూ. మా చెల్లెలి మామగారు అడిగింది కూడా అంతే. ఉందనో లేదనో.

(టెక్నీషియన్ గారికి ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ సంగతి గుర్తుచేశాను.)

బావగారు: రిజిస్టర్లో ‘లేదు’ అని రాసేవాణ్ణి. పేజీకి పాతిక పేర్లు. వాళ్లలో ఎవరైనా ఎదురుచూస్తుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన కూర్చున్నారు. మిగిలిన సమయం బావమరిది కూడా అడగలేదు.