సవరణ: హార్డ్‌విక్ హాల్ కట్టడం గురించి

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న పాత భవంతి హార్డ్‌విక్ హాల్‌పై ఇదివరకటి టపాలో, ఆ భవనం మధ్యయుగపు ఇంటిని పెంచగా ఏర్పడిందనీ, దాని బరువంతా బయటి గోడలే మోస్తాయనీ ఉంది. ఈ రెండు మాటలనూ సవరించుకోవాలి.

పాత ఇంటిని విస్తరించి 1587లో మొదలుపెట్టినది పక్కనే ఇప్పుడు శిథిలమై నిలిచిన ఓల్డ్ హాల్. గ్రేడ్ వన్ రక్షణలో (చారిత్రక కట్టడాలకు అక్కడ ఇచ్చే అత్యున్నత స్థాయి) ఉన్న కొత్త భవనాన్ని, అంటే హార్డ్‌విక్ హాల్‌ను, ష్రూస్‌బరీ కౌంటెస్ ఎలిజబెత్ 1590లో పునాదుల నుంచీ మొదలుపెట్టించి, 1597 నాటికి నివాసయోగ్యం చేయించారు. నమూనా వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారుల అభిప్రాయం.

రెండో విషయం మరింత ముఖ్యం. పొగగొట్టాలను చాలావరకు లోపలి మందపాటి రాతిగోడల్లో ఇమిడ్చి, బరువులో పెద్దపాలు వాటిపైనే వేసినందువల్లే, గాజు ఎంతో ఖరీదైన ఆ కాలంలో ముఖద్వారం వైపు గోడను దాదాపుగా కిటికీలతో నింపడం సాధ్యమైంది. అంతస్తు పెరిగే కొద్దీ గదుల ఎత్తూ పెరుగుతుంది. అతిథి మర్యాదలకు ఉద్దేశించిన ఘనమైన గదులు అన్నిటికన్నా పైన ఉండటం, నా దృష్టిలో, ఈ కట్టడంలోని అసలు సాహసం. ప్రవేశపు హాలు కూడా నాటి ఆనవాయితీకి భిన్నంగా, అడ్డంగా కాక, ముందు నుంచి వెనక్కి నిలువుగా సాగుతుంది. ఆరు బురుజుల పైన రాతిలో చెక్కిన 'ఈ', 'ఎస్' అక్షరాలు ఎలిజబెత్ ష్రూస్‌బరీవే.