పోటు వచ్చేదాకా

మడ అడవి చూద్దామని నిన్న పొద్దున్నే పరిగెత్తాం. దారీ, క్యూ, లైఫ్ జాకెట్లూ పక్కన పెట్టండి. పదకొండింటి స్లాట్‌లో పడవెక్కాం, కాసేపటికే పాయ మలుపులో అది బురద మీద చతికిలబడింది. పాటు, అంటే నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీయడం, మొదలై చాలాసేపైందట. గంటగంటకీ స్లాట్లు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆటుపోట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయన్న సంగతి ఆ కౌంటర్ దాకా చేరినట్టు లేదు.

"పోటొస్తే అదే లేస్తుందండి" అన్నాడు పడవతను.

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడండి."

దిగి తోద్దామన్నాడు మా బావ. ఆ బురదలో గాలాడక చెట్లే వేళ్లు పైకి పొడిచి ఊపిరి తీసుకుంటున్నాయి, మనం దిగి ఏం బావుకుంటాం?

నీళ్లు తీసేకొద్దీ కలుగుల్లోంచి పీతలు బయటికొచ్చాయి. వీటిలో మగపీతకి ఒక డెక్క చిన్నది, రెండోది దాదాపు ఒళ్లంత. ఆ పెద్దదాన్ని ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి ఊపుతుంది. ఆడపీతని రమ్మనడానికీ అదే, పక్క కలుగు మగపీతని పొమ్మనడానికీ అదే. పెళ్లి సంబంధం, గట్టు తగాదా రెండూ ఒకే చేత్తో నడిపేస్తుంది.

అంతలో దూరంగా చెక్క వంతెన మీద జనం కనబడ్డారు. ఎవరినైనా పంపిస్తారని లేచి రెండు చేతులూ ఊపాను. వాళ్లూ నవ్వుతూ ఊపారు. ఇంకా గట్టిగా ఊపాను. పిల్లల్ని ఎత్తుకుని మరీ ఊపించారు. మా పడవంతా లేచి "ఓయ్!" అంది. అటునుంచీ "ఓయ్!" ఫోన్లు బయటికొచ్చాయి. ఈలోగా ఒక మగపీత సరిగ్గా నావైపు తిరిగి డెక్క ఊపడం మొదలెట్టింది. రమ్మంటోందో పొమ్మంటోందో తేల్చుకోలేక కూర్చుండిపోయాను. నడినెత్తిన కళ్లున్న బురదచేప ఒకటి ముందు రెక్కల మీద లేచి, ఈ తతంగమంతా చూసి, గెంతుకుంటూ వెళ్లిపోయింది.

ఎండ, దోమలు, బావ హితబోధ. మొత్తానికి పడవ తేలింది.

రేవులో ఆ వంతెన జనమే ఎదురొచ్చారు. "భలే ఎంజాయ్ చేశారండీ! మిమ్మల్ని చూసి మా పిల్లలు ఆగట్లేదు. రేపటికి బుక్ చేసేశాం."

"ఎన్నింటికి?"

"పన్నెండింటి స్లాట్."

పదకొండుకి 50 నిమిషాలు కలిపి చూసుకున్నాను.

"హ్యాపీ జర్నీ" అన్నాను.